విల్ట్ చాంబర్లేన్

విల్టన్ నార్మన్ చాంబర్లేన్ (ఆగష్టు 21, 1936 - అక్టోబరు 12, 1999) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు. ఏడు అడుగుల ఒక అంగుళం (సుమారు 216 సెంటీమీటర్లు) ఎత్తు గల ఇతడు 1959 నుండి 1973 వరకు ఎన్.బి.ఏ. పోటీలలో సెంటర్ స్థానంలో ఆడాడు. ఆ పోటీల చరిత్రలో ఒకే ఆటలో 100 పాయింట్లు సాధించిన ఏకైక ఆటగాడిగా ప్రసిద్ధి చెందాడు. ఈ రికార్డు గురించి చాలామందికి తెలుసు. అంతగా ప్రచారంలో లేని రెండు ఘట్టాలు ఇతడి జీవితంలో ఉన్నాయి. ఒకటి, పద్దెనిమిదేళ్ళ వయసులో ఇతడి కోసం రెండు వందలకు పైగా కళాశాలలు పోటీపడటం. రెండవది, ముప్పై మూడేళ్ళ వయసులో మోకాలి స్నాయువు పూర్తిగా తెగిపోయినా అదే సీజనులో తిరిగి ఆడటం. ఇతడి శక్తిని అందరూ కోరుకున్నారు, కాని ఇతడి పట్టుదలను చాలాకాలం ఎవరూ నమ్మలేదు.

బాల్యము

చాంబర్లేన్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. తండ్రి విలియం, తల్లి ఒలీవియా. వారిది తొమ్మిదిమంది పిల్లలున్న పెద్ద కుటుంబం. చిన్నతనంలో న్యుమోనియా సోకి ప్రాణాపాయం నుండి బయటపడ్డాడు. ఆ జబ్బు వలన ఒక సంవత్సరం చదువు కూడా పోయింది.

మొదట్లో ఇతడికి బాస్కెట్‌బాల్ పట్ల ఆసక్తి లేదు. పరుగు, ఎత్తు దూకటం, గుండు విసరటం వంటి ఆటలనే ఇష్టపడేవాడు. అయితే ఫిలడెల్ఫియాలో బాస్కెట్‌బాల్‌కు ఉన్న ఆదరణ వలన, వీధివీధినా ఉన్న ఆటస్థలాల వలన క్రమంగా అటువైపు మళ్ళాడు. గుమ్మాలకు తల తగలకుండా వంగి నడవవలసి వచ్చేది కనుక స్నేహితులు డిప్పర్ అని పిలిచేవారు. అదే తరువాత బిగ్ డిప్పర్ అయింది. మనం సప్తర్షి మండలమని పిలిచే నక్షత్రాల గుంపుకు అమెరికాలో ఉన్న పేరు కూడా ఇదే. స్టిల్ట్, అంటే పొయ్యికాళ్ళు, అన్న మరో మారుపేరును పత్రికలవారు తగిలించారు. అది అతడికి ఏమాత్రం నచ్చేది కాదు.

ఓవర్‌బ్రూక్ ఉన్నత పాఠశాల జట్టు తరఫున మూడు సంవత్సరాలు ఆడాడు. ఆ మూడేళ్ళలో జట్టు ఓడినవి మూడు ఆటలే. రాక్స్‌బరో పాఠశాలతో జరిగిన ఒక ఆటలో ఒక్కడే 90 పాయింట్లు చేశాడు. అప్పటికే ఫిలడెల్ఫియా దాటి దేశమంతటా ఇతడి పేరు వినిపించసాగింది.

కళాశాలల పోటీ

అమెరికాలో కళాశాల క్రీడలకు ఉన్న స్థానం తెలిస్తేగాని తరువాతి సంగతి అర్థం కాదు. అక్కడి విశ్వవిద్యాలయాల జట్ల ఆటలు చూడటానికి వేలాదిమంది టిక్కెట్లు కొని వస్తారు. మంచి జట్టు ఉంటే విశ్వవిద్యాలయానికి పేరు, ధనము, పూర్వవిద్యార్థుల విరాళాలు వస్తాయి. అందువలన కోచ్‌లు ఉన్నత పాఠశాలలలోని ఆటగాళ్ళను వెదకి, ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులను ఒప్పించి, ఉపకారవేతనమిచ్చి చేర్చుకుంటారు. దీనిని రిక్రూటింగ్ అంటారు. కళాశాల క్రీడలను నియంత్రించే ఎన్.సి.ఏ.ఏ. నియమాల ప్రకారం ఆనాడు ఆటగాడికి ఫీజు, వసతి, భోజనం, కొద్దిపాటి ఖర్చులు తప్ప మరేమీ ఇవ్వరాదు. (ఈ నిషేధం 2021లో సడలింది. 2025 నుండి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్ళకు నేరుగా సొమ్ము చెల్లించే వీలు కలిగింది.) నియమం ఇలా ఉన్నా, సంపన్నులైన పూర్వవిద్యార్థులు చాటుగా ఇచ్చే డబ్బు, బహుమతులు అప్పట్లో అందరికీ తెలిసిన రహస్యమే.

చాంబర్లేన్ కోసం రెండు వందలకు పైగా కళాశాలలు ప్రయత్నించాయి. వీటితో పాటు వృత్తి క్రీడాజట్ల పోటీ కూడా తోడయింది. వేసవి సెలవులలో అతడు న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండలలో కుట్షర్స్ అనే విడిది హోటలులో సామాన్లు మోసే పని చేసేవాడు. ఆ హోటలు తరఫున ఆడే వేసవి జట్టుకు బోస్టన్ సెల్టిక్స్ కోచ్ రెడ్ ఆవర్‌బాక్ శిక్షణ ఇచ్చేవాడు. 1953 జాతీయ కళాశాల పోటీలలో ఉత్తమ ఆటగాడిగా ఎన్నికైన కాన్సస్ విద్యార్థి బి.హెచ్. బార్న్‌ను ఈ ఉన్నత పాఠశాల కుర్రవాడు అక్కడ ఒంటరి పోటీలో సునాయాసంగా ఓడించాడని చెబుతారు. బార్న్ ఆ తరువాత బాస్కెట్‌బాల్‌ను వృత్తిగా తీసుకోలేదు.

అప్పటి ఎన్.బి.ఏ.లో ప్రాంతీయ ఎంపిక అనే నియమం ఉండేది. దీని ప్రకారం ఒక జట్టు తన పరిసరాలలోని కళాశాలలో చదివిన ఆటగాడిపై ముందుగా హక్కు పొందవచ్చు. అందుకే చాంబర్లేన్ న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ఏదైనా కళాశాలలో చేరితే బాగుండునని ఆవర్‌బాక్ ఆశించాడు. ఫిలడెల్ఫియా వారియర్స్ యజమాని ఎడ్డీ గాట్లీబ్ మరో ఎత్తు వేశాడు. ఆటగాడు పెరిగినది ఫిలడెల్ఫియాలో కాబట్టి, అతడు చేరిన కాన్సస్‌లో ఎన్.బి.ఏ. జట్టేదీ లేదు కాబట్టి, ఉన్నత పాఠశాల ఆధారంగా హక్కు తనకే చెందాలని వాదించి మిగతావారిని ఒప్పించాడు. ఒక యువకుడు ఇంకా డిగ్రీలో అడుగు పెడుతూ ఉండగానే అతడు భవిష్యత్తులో ఏ నగరానికి ఆడాలో తేలిపోవటం నేటి పాఠకులకు విడ్డూరంగా తోచవచ్చు.

చాంబర్లేన్ ఆలోచనలు వేరుగా ఉన్నాయి. వర్ణవివక్ష కారణంగా దక్షిణ రాష్ట్రాలను మొదటే వద్దనుకున్నాడు. ఇంటికి దగ్గరగా ఉండటమూ అతడికి ఇష్టం లేదు. చివరకు మధ్య పశ్చిమ ప్రాంతం వైపు మొగ్గాడు. అక్కడ లారెన్స్ పట్టణంలోని కాన్సస్ విశ్వవిద్యాలయానికి ఫాగ్ అలెన్ కోచ్‌గా ఉండేవాడు. బాస్కెట్‌బాల్ ఆటను 1891లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ తరువాతి కాలంలో ఈ విశ్వవిద్యాలయంలోనే పనిచేశాడు. అలెన్ ఆయన శిష్యుడే. అలెన్ స్వయంగా కుటుంబంతో మాట్లాడటమే కాక, కాన్సస్‌లోని నల్లజాతి ప్రముఖుల చేత కూడా చెప్పించాడు. వారిలో కాన్సస్ సిటీ నుండి వెలువడే ది కాల్ పత్రిక సంపాదకుడు డౌడల్ డేవిస్ ఒకడు. చాంబర్లేన్ వంటి క్రీడాకారుడు వస్తే తమ ప్రాంతంలో నల్లవారికి మూసి ఉన్న తలుపులు కొన్నైనా తెరుచుకుంటాయని వారి ఆశ. 1955 మేలో అతడు కాన్సస్‌ను ఎంచుకున్నట్లు ప్రకటించాడు.

కాన్సస్ విశ్వవిద్యాలయం

అప్పటి నియమం ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడరాదు. అయినా 1955 నవంబరు 18న, అనగా అలెన్ డెబ్బయ్యవ పుట్టినరోజున, మొదటి సంవత్సరం జట్టుకు, ప్రధాన జట్టుకు మధ్య జరిగిన ఆటకు వేలాదిగా జనం వచ్చారు. చాంబర్లేన్ 42 పాయింట్లు చేయగా మొదటి సంవత్సరం విద్యార్థులు 81-71తో గెలిచారు. ఆ పుట్టినరోజే అలెన్‌కు శాపమయింది. డెబ్బయ్యేళ్ళు నిండిన ఉద్యోగి పదవీ విరమణ చేయాలన్న నియమాన్ని విశ్వవిద్యాలయం సడలించలేదు. తాను అంత కష్టపడి తెచ్చుకున్న విద్యార్థికి ప్రధాన జట్టులో ఒక్క ఆటలోనైనా కోచ్‌గా ఉండకుండానే అలెన్ 1956లో తప్పుకున్నాడు. ఆ స్థానంలో డిక్ హార్ప్ వచ్చాడు. అలెన్‌ను నమ్మి వచ్చిన చాంబర్లేన్‌కు ఇది పెద్ద నిరాశ.

1956 డిసెంబరు 3న నార్త్‌వెస్టర్న్ జట్టుపై తన మొదటి ఆటలోనే 52 పాయింట్లు, 31 రీబౌండ్లు సాధించాడు. (బుట్టలో పడకుండా తిరిగివచ్చిన బంతిని అందుకోవటాన్ని రీబౌండ్ అంటారు.) ఆ సీజనులో కాన్సస్ జాతీయ పోటీల తుది ఆటకు చేరుకుంది. 1957 మార్చి 23న కాన్సస్ సిటీలో నార్త్ కరోలినాతో జరిగిన ఆ ఆట మూడు అదనపు వ్యవధుల వరకు సాగి, 54-53తో కాన్సస్ ఓటమితో ముగిసింది. ముగ్గురేసి ఆటగాళ్ళు చుట్టుముట్టినా చాంబర్లేన్ 23 పాయింట్లు చేశాడు. ఓడిన జట్టులో ఉన్నా ఆ పోటీల ఉత్తమ ఆటగాడిగా అతడే ఎన్నికయ్యాడు. అయినప్పటికీ పెద్ద ఆటలలో ఓడిపోయేవాడన్న ముద్ర ఆ రాత్రి నుండే పడింది. ఒక్క పాయింటు తేడాతో పడిన ఈ ముద్ర పదిహేనేళ్ళ పాటు అతడిని వెంటాడింది.

లారెన్స్, కాన్సస్ సిటీ పరిసరాలలోని అనేక హోటళ్ళు నల్లవారికి భోజనం పెట్టేవి కావు. చాంబర్లేన్ ఆ నిషేధాన్ని లెక్కచేయక తనకు నచ్చిన చోటికి వెళ్ళి కూర్చునేవాడు. అతడి పేరు కారణంగా యజమానులు కాదనలేకపోయేవారు. ఆ తలుపులన్నీ తానొక్కడే తెరిపించినట్లు తరువాత చెప్పుకున్నాడుగాని, అందులో కొంత అతిశయోక్తి ఉంది. అక్కడ వివక్షకు వ్యతిరేకంగా పనిచేసినవారు ఇంకా ఎందరో ఉన్నారు.

రెండవ సీజనులో ప్రత్యర్థులు బంతిని తమ వద్దనే నిలుపుకొని కాలం గడపసాగారు. నిర్ణీత సమయంలో బంతిని బుట్టకేసి విసరాలన్న నియమం అప్పట్లో కళాశాల ఆటలో లేదు. విసుగు చెందిన చాంబర్లేన్ డిగ్రీ పూర్తిచేయకుండానే 1958లో విశ్వవిద్యాలయం వదలివేశాడు. ఆ నిర్ణయానికి కారణాలను లుక్ పత్రికకు పదివేల డాలర్లకు అమ్మాడు.

చేర్చుకున్న తీరుకు సంబంధించిన లెక్క తరువాత తేలింది. పూర్వవిద్యార్థులు అతడికి కారు సమకూర్చటంలో సహాయపడ్డారన్న కారణంగా 1960లో ఎన్.సి.ఏ.ఏ. కాన్సస్ విశ్వవిద్యాలయంపై రెండేళ్ళ శిక్ష విధించింది. అప్పటికి అతడు వెళ్ళిపోయి రెండేళ్ళయింది. శిక్ష అనుభవించినది తరువాత చేరిన విద్యార్థులు. కళాశాలలో ఉండగా సుమారు 4,000 డాలర్లు తనకు ముట్టినట్లు 1985లో చాంబర్లేనే ఒప్పుకున్నాడు. అతడి ఆటవలన విశ్వవిద్యాలయానికి, ఆ ఊరి వ్యాపారులకు వచ్చిన ఆదాయంతో పోలిస్తే ఇది స్వల్పమైన మొత్తమేనని వాదించేవారు ఉన్నారు. ఆ వాదన తోసిపుచ్చదగినది కాదు.

వృత్తి క్రీడాజీవితం

తన తరగతివారు డిగ్రీ పూర్తిచేసే వరకు ఏ ఆటగాడినీ తీసుకోరాదన్నది ఎన్.బి.ఏ. నియమం. అందువలన 1958-59లో హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ అనే ప్రదర్శన జట్టుతో దేశదేశాలు తిరిగాడు. 1959లో గాట్లీబ్ వారియర్స్ జట్టులో చేరి, మొదటి సీజనులోనే ఆటకు సగటున 37.6 పాయింట్లు సాధించాడు. 1961-62లో ఆ సగటు 50.4. ఆ సీజనులోనే 1962 మార్చి 2న హెర్షీ పట్టణంలో న్యూయార్క్ నిక్స్‌పై 100 పాయింట్లు చేశాడు. 1965లో ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్‌కు మారి 1967లో ఆ జట్టుకు టైటిల్ సాధించిపెట్టాడు. 1968లో లాస్ ఏంజెల్స్ లేకర్స్ జట్టుకు వెళ్ళాడు.

అయినా టైటిళ్ళ లెక్కలో బోస్టన్ ఆటగాడు బిల్ రసెల్ ఎంతో ముందుండేవాడు. పాయింట్లు చాంబర్లేన్‌వి, విజయాలు రసెల్‌వి అన్న మాట నానుడిగా మారింది. వారిద్దరూ స్నేహితులు. పండుగలకు ఒకరింటికి ఒకరు భోజనానికి వెళ్ళేవారు.

1969 మే 5

ఆ రోజున లేకర్స్, సెల్టిక్స్ మధ్య నిర్ణాయకమైన ఏడవ ఆట లాస్ ఏంజెల్స్‌లో జరిగింది. బాగా వెనుకబడి ఉన్న లేకర్స్ పుంజుకుంటున్న వేళ, ఆట ముగియటానికి ఆరు నిమిషాల లోపు ఉందనగా రీబౌండ్ కోసం ఎగిరి దిగిన చాంబర్లేన్ మోకాలికి దెబ్బ తగిలింది. బయటకు వచ్చి కొంతసేపటికి తిరిగి ఆడతానని అడిగాడు. అప్పటికి తేడా తగ్గుతూ వచ్చింది. అతడంటే గిట్టని కోచ్ బుచ్ వాన్ బ్రెడా కోల్ఫ్ అందుకు అంగీకరించలేదు. లేకర్స్ 108-106తో ఓడిపోయింది.

దోషం కోచ్‌దా, ఆటగాడిదా అన్న చర్చ చాలాకాలం సాగింది. కోచ్ పదవి వదలి వెళ్ళాడు. అంతకన్నా బాధాకరమైన సంగతి, ఆ ఆటతో విరమించుకున్న రసెల్, అటువంటి సమయంలో బయటకు రావటం తగదని, దెబ్బ అంత తీవ్రమైనది కాదని బహిరంగంగా విమర్శించటం. ఆ మాటతో ఇద్దరి మధ్య రెండు దశాబ్దాలకు పైగా పలకరింపులు లేవు. తాను పొరపాటు పడ్డానని రసెల్ తరువాత క్షమాపణ చెప్పుకున్నాడు.

మోకాలి గాయం - పునరాగమనం

1969-70 సీజనులో కొత్త కోచ్ జో ములానీ మళ్ళీ చాంబర్లేన్ కేంద్రంగా ఆడించసాగాడు. అతడు యౌవనకాలంలో వలె పాయింట్లు చేస్తున్నాడు. నవంబరు 7న ఫీనిక్స్ సన్స్‌తో జరిగినది ఆ సీజనులో తొమ్మిదవ ఆట. అందులో అతడి కుడి మోకాలి స్నాయువు పూర్తిగా తెగిపోయింది.

తొడ ముందుభాగంలోని పెద్ద కండరాల బలం మోకాలిచిప్ప ద్వారా కిందికి వచ్చి, పటెల్లార్ టెండన్ అనే స్నాయువు ద్వారా ముంగాలి ఎముకకు చేరుతుంది. కాలు చాపటం, నిలబడటం, ఎగరటం అన్నీ దీనిపైనే ఆధారపడి ఉంటాయి. ఇది తెగితే చిప్ప తన స్థానం విడిచి పైకి లాగబడుతుంది. మనిషి తనంత తానుగా కాలు చాపలేడు. తెగిన కొసలను కుట్టి అతికించటం తప్ప మార్గం లేదు. ఆ రోజులలో ఇటువంటి శస్త్రచికిత్స తరువాత కాలును వారాల తరబడి పిండికట్టులో కదలకుండా ఉంచేవారు. కట్టు విప్పేసరికి తొడ కండరం క్షీణించి, కీలు బిగుసుకుపోయి ఉండేది. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. బిగుసుకున్న కీలును కొద్దికొద్దిగా వంచటం, తగ్గిన కండరాన్ని తిరిగి పెంచటం నెలల మీద జరిగే పని. తొందరపడితే అతుకు తిరిగి తెగవచ్చు. ఈ గాయంతో వృత్తి జీవితం ముగించినవారు ఉన్నారు. ముప్పై మూడేళ్ళ వయసు, అంతటి ఎత్తు, బరువు గల మనిషి ఆ సీజనులో మళ్ళీ ఆడతాడని వైద్యులు అనుకోలేదు.

చాంబర్లేన్ దక్షిణ కాలిఫోర్నియా సముద్రతీరాన్ని తన వ్యాయామశాలగా చేసుకున్నాడు. ఇసుకలో నడక, పరుగు, తరువాత వాలీబాల్ ఆడటం సాగించాడు. ఇసుకలో దూకినప్పుడు నేల మెత్తగా ఉండటం వలన కీలుపై అదురు తక్కువగా పడుతుంది. ఇసుక జారిపోతుంది గనుక పైకి లేవటానికి మాత్రం కండరం ఎక్కువ శ్రమపడాలి. గాయపడిన మోకాలికి ఈ రెండూ మేలు చేసేవే. చిన్ననాడు జబ్బు వలన ఏడాది చదువు పోగొట్టుకున్నవాడు, ఇప్పుడు నాలుగు నెలలు దాటగానే మైదానానికి తిరిగివచ్చాడు. 82 ఆటల సీజనులో చివరి మూడు ఆటలు ఆడాడు.

తరువాతి నాకౌట్ పోటీలలో ఫీనిక్స్‌తో లేకర్స్ 1-3తో వెనుకబడి, వరుసగా మూడు ఆటలు గెలిచి గట్టెక్కింది. అట్లాంటాను నాలుగు ఆటలలో ఓడించి, తుది పోటీలో న్యూయార్క్ నిక్స్‌ను ఎదుర్కొంది. ఈ పోటీలలో చాంబర్లేన్ మొత్తం 18 ఆటలు ఆడి, ఒక్కోదానిలో సగటున 22 పాయింట్లు, 22 రీబౌండ్లు సాధించాడు. న్యూయార్క్ సెంటర్ విల్లిస్ రీడ్ తొడ కండరం దెబ్బతిని ఆడలేకపోయిన ఆరవ ఆటలో 45 పాయింట్లు, 27 రీబౌండ్లు చేశాడు.

1970 మే 8న ఏడవ ఆటకు రీడ్ నొప్పి తెలియకుండా సూదిమందు వేయించుకొని కుంటుతూ మైదానంలోకి వచ్చాడు. ప్రేక్షకులు హోరెత్తిపోయారు. అతడు చేసినవి మొదటి రెండు బుట్టలే అయినా సహచరులకు ప్రాణం లేచివచ్చింది. వాల్ట్ ఫ్రేజర్ 36 పాయింట్లు చేయగా న్యూయార్క్ 113-99తో గెలిచింది. చాంబర్లేన్ 21 పాయింట్లు, 24 రీబౌండ్లు చేసినా, 11 ఫ్రీత్రోలలో ఒక్కటే బుట్టలో వేయగలిగాడు. ఫ్రీత్రో జీవితాంతం అతడి బలహీనతే.

రీడ్ ఆనాటి సాహసం అమెరికా క్రీడాచరిత్రలో నిలిచిపోయింది, అది న్యాయమే. కాని అదే మైదానంలో ఎదురుగా నిలబడినవాడు ఆరు నెలల క్రితం తెగిన స్నాయువును కుట్టించుకొని వచ్చినవాడన్న సంగతి ఆ కథలలో చాలావరకు కనబడదు. కుంటినవాడు వీరుడయ్యాడు, కుంటనివాడిపై ఓటమి నింద పడింది. ఏడాది క్రితం మోకాలు నొప్పని బయటకు వచ్చాడన్న అపవాదు ఉన్నవాడికి ఇది ఎలా తోచి ఉంటుందో ఊహించవచ్చు.

తరువాతి కాలము

1971-72లో కోచ్ బిల్ షర్మన్ ఆధ్వర్యంలో లేకర్స్ వరుసగా 33 ఆటలు గెలిచి రికార్డు సృష్టించింది. చాంబర్లేన్ పాయింట్ల బాధ్యత ఇతరులకు వదిలి, రీబౌండ్లు, రక్షణ తాను చూసుకున్నాడు. తుది పోటీ చివరి ఆటలో చేతి ఎముక చిట్లినా 24 పాయింట్లు, 29 రీబౌండ్లు సాధించి జట్టును గెలిపించాడు. తుది పోటీల ఉత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. 1957 నుండి ఉన్న ముద్ర అప్పటికి చెదిరింది.

1973లో ఎన్.బి.ఏ. నుండి విరమించాడు. 1,045 ఆటలలో మొత్తం 31,419 పాయింట్లు, 23,924 రీబౌండ్లు చేశాడు. రీబౌండ్ల రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఇన్ని ఆటలలో ఒక్కసారి కూడా ఆరు ఫౌల్స్ చేసి బయటకు వెళ్ళలేదు. మోకాలి కోసం మొదలుపెట్టిన వాలీబాల్ అతడిని వదలలేదు. వృత్తి వాలీబాల్ సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసి, తానూ ఆడి, ఆ ఆటకు అమెరికాలో ప్రాచుర్యం తెచ్చాడు. 1979లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందాడు. 1984లో కోనన్ ది డిస్ట్రాయర్ చలనచిత్రంలో నటించాడు. వివాహం చేసుకోలేదు. 1991లో వెలువడిన పుస్తకంలో తన స్త్రీ సంబంధాల సంఖ్య గురించి వ్రాసిన మాటలు పెద్ద దుమారం లేపాయి, ఆటకన్నా ఆ మాటలే కొందరికి గుర్తుండిపోయాయి.

1957 ఓటమితో విశ్వవిద్యాలయానికి తీరని లోటు చేశానన్న భావనతో చాంబర్లేన్ చాలా ఏళ్ళు కాన్సస్‌కు దూరంగా ఉన్నాడు. 1998 జనవరి 17న ఆ విశ్వవిద్యాలయం అతడి 13వ నంబరు చొక్కాను గౌరవపూర్వకంగా విరమింపజేసినప్పుడు తన పాత కళాశాల కోటు తొడుక్కొని వచ్చాడు. అలెన్ పేరుతో ఉన్న ఆ క్రీడాశాలలో ప్రేక్షకులు లేచి నిలబడి కరతాళధ్వనులు చేశారు. మాట్లాడుతూ కన్నీరు పెట్టుకున్నాడు.

1999 అక్టోబరు 12న లాస్ ఏంజెల్స్‌లోని బెల్ ఎయిర్‌లో గల స్వగృహంలో గుండె జబ్బుతో మరణించాడు. అప్పటికి అతడి వయసు 63 సంవత్సరాలు. 2014 డిసెంబరులో అమెరికా తపాలా శాఖ అతడి బొమ్మతో రెండు తపాలా బిళ్ళలు విడుదల చేసింది. వాటిని మామూలు బిళ్ళల కన్నా పొడవుగా ముద్రించారు.